చమురు పట్టిన సెంటు నేలకు శిలీంధ్రాల సబ్బు ఎంత కావాలి?

మోటారు సైకిల్‌కి ఆయిల్ మార్పిస్తే బయటికొచ్చే నల్లనూనె దాదాపు లీటరు. బరువు సుమారు 880 గ్రాములు. కాల్వల్లోకి, చెరువుల్లోకి వదిలే వ్యర్థజలాల్లో నూనె, గ్రీజు కలిపి లీటరుకు 10 మిల్లీగ్రాములు మించకూడదని మన దేశంలో ప్రమాణం. 880 గ్రాముల్ని 10 మిల్లీగ్రాములతో భాగిస్తే 88,000 వస్తుంది. అంటే ఆ ఒక్క లీటరు నూనె 88,000 లీటర్ల మంచినీటిని ప్రమాణం అంచుకు తెచ్చి నిలబెడుతుంది. అయిదు వేల లీటర్ల ట్యాంకర్లయితే పద్దెనిమిది. అదే లీటరు నీటి మీద పరుచుకుంటే? ఇంద్రధనుస్సు రంగుల్లో మెరిసే పొరకు మిల్లీమీటరులో వెయ్యో వంతు, అంటే ఒక మైక్రాను మందం ఉంటే చాలు. ఆ మందాన లీటరు నూనె వెయ్యి చదరపు మీటర్లు కప్పేస్తుంది. మన కొలతలో పాతిక సెంట్లు.

గోదావరి డెల్టాలోని రామచంద్రపురంలో ఒక మెకానిక్ షెడ్డు ముందు పారబోసిన నూనె అక్కడే ఉండిపోదు. వాన పడగానే పక్కనున్న మురుగుకాల్వలో కలుస్తుంది, అక్కణ్నుంచి తూర్పు డెల్టా డ్రెయిన్లకు చేరుతుంది. తుల్యభాగ లాంటి డ్రెయిన్లు చొల్లంగి, కోరంగి దిక్కున సముద్రంలో కలుస్తాయి. దారి పొడవునా వరి చేలు, చెరువులు. చివర్లో 235 చదరపు కిలోమీటర్ల కోరంగి అభయారణ్యం, అందులోని మడచెట్లు.

కింద కోనసీమ వైపు చమురు భూమిలోనే ఉంది. తాటిపాకలో ఓఎన్‌జీసీ మినీ రిఫైనరీ 2001 నుంచి నడుస్తోంది. సామర్థ్యం ఏడాదికి 66,000 టన్నులు, అంటే రోజుకు 180 టన్నులు. రవ్వ క్షేత్రంలో సముద్రం నుంచి తీసిన చమురు ఎస్.యానాం దగ్గర ఒడ్డుకు చేరుతుంది. ఈ ప్రాంతంలో చమురు, గ్యాస్ అనగానే అందరికీ మంటలే గుర్తొస్తాయి. 1995 జనవరి 8న పాశర్లపూడి బావిలో ఎగసిన మంట 65 రోజులు మండింది. 2014 జూన్ 27న నగరం గ్రామంలో గెయిల్ పైపులైను పేలి ఇరవై మందికి పైగా చనిపోయారు. మంట నలుగురి కంటా పడుతుంది. నేలలోకి ఇంకిన చమురు సంగతి మాత్రం ఆ పొలం రైతుకు, ఆ బావి నీళ్లు తాగేవాళ్లకు తప్ప బయటికి తెలియదు.

వ్యర్థాల మీద శిలీంధ్రాల్ని పెంచి, వాటి చేత సబ్బులాంటి పదార్థం చేయించి, దాంతో ఈ చమురును వదిలించవచ్చని ప్రయోగశాలలు చాలాకాలంగా చెబుతున్నాయి. ఆ మాట నిజమే. రామచంద్రపురం లాంటి ఊళ్లో అది ఎంతవరకు పనికొస్తుందో తేల్చాలంటే లీటర్లు, కిలోలు, సెంట్లలో లెక్క వేసి చూడాల్సిందే.

సబ్బు చేసే పని

మామూలు ఉష్ణోగ్రత దగ్గర నీటి తలతన్యత మీటరుకు 72 మిల్లీన్యూటన్లు. నీటి పైపొర బిగువుకు అదే కొలత. నూనె నీటిలో కలవకుండా వేరుగా నిలిచేది ఇలాంటి బిగువు వల్లే. ఒక కొస నీటిని, మరో కొస నూనెను పట్టుకునే అణువులు మధ్యలో చేరితే బిగువు సడలుతుంది. ఆ అణువుల్నే సర్ఫాక్టెంట్లంటారు. కుంకుడుకాయ రసానికి నురగ వచ్చేది, తలలో జిడ్డును వదిలించేది అందులోని సాపోనిన్ అనే సర్ఫాక్టెంటుతోనే. చెట్టు చేసే ఈ పనిని సూక్ష్మజీవులూ చేస్తాయి. అవి తయారుచేసేవాటిని బయోసర్ఫాక్టెంట్లు అంటారు. మంచి రకాలు నీటి తలతన్యతను 72 నుంచి 30 - 35కి దించగలవు.

చమురును చివరికి తినేది నేలలో, నీటిలో ఉండే బ్యాక్టీరియా. ఒక్కో బ్యాక్టీరియా పొడవు ఒకటి రెండు మైక్రాన్లు. అది నూనె ముద్ద లోపలికి దూరలేదు, పైపైన కొరుక్కు తినాల్సిందే. కాబట్టి దానికి ఎంత ఉపరితలం దొరుకుతుందన్నదే కీలకం. అయిదు మిల్లీలీటర్ల నూనె, అంటే ఒక చెంచాడు, గుండ్రని ముద్దగా ఉంటే ఉపరితలం 14 చదరపు సెంటీమీటర్లు. అదే నూనె పది మైక్రాన్ల బిందువులుగా విడిపోతే మూడు చదరపు మీటర్లు. రెండు వేల రెట్లకు పైమాటే. సర్ఫాక్టెంటు తానుగా చమురును తినదు, తినేవాటికి అందేలా చేస్తుంది. ఈ పని విభజన గుర్తుంచుకుంటే తర్వాతి లెక్కలు తేలికగా అర్థమవుతాయి.

మన దేశంలో ఇప్పటిదాకా ఎక్కువ దృష్టి తినేవాటి మీదే పడింది. టెరి సంస్థ మొక్కజొన్న కండెల పొడిలో చమురు తినే బ్యాక్టీరియాను పట్టించి ‘ఆయిల్‌జాపర్’ తయారుచేసింది. దాన్ని వాడుకలోకి తేవడానికి 2007లో ఓఎన్‌జీసీ, టెరి కలిసి ఓఎన్‌జీసీ టెరి బయోటెక్‌ను నెలకొల్పాయి. శిలీంధ్రాల సబ్బు ఈ బ్యాక్టీరియాకు పోటీ కాదు, దానికి భోజనం వడ్డించే చెయ్యి.

శిలీంధ్రాలే ఎందుకు?

బయోసర్ఫాక్టెంట్లలో ఎక్కువ పేరున్న రామ్నోలిపిడ్లను సూడోమోనాస్ ఏరుజినోసా అనే బ్యాక్టీరియా తయారుచేస్తుంది. బాగా పనిచేస్తాయి కానీ, ఆ బ్యాక్టీరియా ఆస్పత్రుల్లో రోగుల గాయాలకు, ఊపిరితిత్తులకు సోకే జాతి. చిన్న ఊళ్లో పెద్ద ట్యాంకులో పెంచదగ్గది కాదు.

ఈస్టులు కూడా శిలీంధ్రాలే. వాటిలో స్టార్మెరెల్లా బాంబికోలా అనే ఈస్టును తుమ్మెద జాతి తేనెటీగల తేనెలోంచి వేరుచేసి 1970లో కెనడా శాస్త్రవేత్తలు వివరించారు. ఇది మనుషులకు జబ్బు తెచ్చే రకం కాదు. ఒకపక్క చక్కెర, మరోపక్క నూనె పెడితే రెండింటినీ జోడించి సోఫోరోలిపిడ్లు అనే సర్ఫాక్టెంట్లను తయారుచేసి బయటికి విడుస్తుంది. దీనికి మూడు సుగుణాలున్నాయి.

మొదటిది పరిమాణం. 1998లో జర్మనీ పరిశోధకులు పాల విరుగుడు నీటి నుంచి రెండంచెల్లో లీటరుకు 422 గ్రాములు రాబట్టారు. రామ్నోలిపిడ్లు మామూలుగా లీటరుకు కొన్ని పదుల గ్రాముల దగ్గరే ఆగుతాయి.

రెండోది పులుపు. ఈ ఈస్టు పీహెచ్ 3.5 దగ్గర, అంటే బాగా పుల్లటి ద్రవంలో, హాయిగా పనిచేస్తుంది. చాలా రకాల బ్యాక్టీరియా అక్కడ బతకలేవు. దాంతో తొట్టె చెడిపోయే ప్రమాదం తగ్గుతుంది.

మూడోది బరువు. సోఫోరోలిపిడ్లు తగినంత చేరాక తేనెలా చిక్కబడి అడుగుకు దిగుతాయి. పైనున్న నీటిని వంచేస్తే సరిపోతుంది, ద్రావకాలతో పనిలేదు.

ఇలాంటి పని చేసే ఇతర శిలీంధ్రాలూ ఉన్నాయి. మొక్కజొన్న కంకుల్ని నల్లటి ఉబ్బుగా మార్చే అస్టిలాగో మేడిస్ అనే శిలీంధ్రం సర్ఫాక్టెంట్లు తయారుచేస్తుందని 1950ల తొలినాళ్లలోనే కెనడాలో గుర్తించారు. చెరకు రైతులకు తెలిసిన కాటుక తెగులు శిలీంధ్రం కూడా ఆ కుటుంబానిదే. జపాన్ శాస్త్రవేత్తలు దాన్ని చెరకు రసంలో పెంచి ఎంఈఎల్ అనే తరగతి సర్ఫాక్టెంట్లు తీశారు. మన దేశంలో పుణె జాతీయ రసాయన ప్రయోగశాలలో ఆస్మితా ప్రభుణే బృందం సోఫోరోలిపిడ్ల మీద ఏళ్ల తరబడి పనిచేసింది. వాళ్లు వాడిన నూనెల్లో అడవి ఆముదం కూడా ఉంది.

ఇక నూనె వ్యర్థాల మీద ఎంత వస్తుంది? ఇక్కడ అంకెలు ఒక్కసారిగా కిందికి జారతాయి. 2007లో అమెరికాలో రెస్టారెంట్లలో వేపుళ్లకు వాడేసిన నూనెతో ఇదే ఈస్టును పెంచితే లీటరుకు 34 గ్రాములు వచ్చింది. బ్రెజిల్‌లోని రెసిఫే నగరంలో లియోనీ సరుబ్బో బృందం వేరుశనగ నూనె రిఫైనరీ మడ్డి మీద కాండిడా స్ఫేరికా అనే మరో ఈస్టును పెంచింది. వచ్చింది లీటరుకు 9 గ్రాములు. అయితే ఆ తొమ్మిది గ్రాములు గట్టివి. నీటి తలతన్యతను 25 దాకా దించాయి, ఇసుకకు పట్టించిన మోటారు ఆయిల్‌లో 95 శాతాన్ని వదిలించాయి. జర్మనీ ప్రయోగంలో 400కు పైగా, వాడేసిన నూనెతో 34, రిఫైనరీ మడ్డితో 9. ఈ తేడా చూడకుండా వేసే లెక్కలన్నీ కాగితం మీదే నిలుస్తాయి.

డెల్టాలో నిజంగా వ్యర్థం ఏది?

ఈ రంగంలో రాసేవాళ్లు వ్యర్థాల జాబితా ఇచ్చినప్పుడు మొలాసిస్, తవుడు, ఊక, వాడిన నూనె అని వరసగా చెప్పుకుపోతారు. గోదావరి జిల్లాల్లో ఈ జాబితా చదివితే మిల్లు గుమాస్తా నవ్వుతాడు. ఇక్కడ వీటిలో దేన్నీ ఎవరూ పారేయరు. టన్ను ధాన్యం ఆడిస్తే 200 కిలోల ఊక, 70 - 80 కిలోల తవుడు వస్తాయి. ఊక బాయిలర్లకు పోతుంది. తవుడు నూనె మిల్లుకు పోతుంది. నూనె తీసిన తవుడు చేపల చెరువులకు మేతగా పోతుంది. మొలాసిస్ డిస్టిలరీలు కొనుక్కుంటాయి. వీటన్నిటికీ ధర ఉంది, పోటీ ఉంది.

వాడేసిన వంటనూనెకు కూడా ఇప్పుడు ధర వచ్చింది. నూనెలో పోలార్ పదార్థాలు 25 శాతం దాటితే ఇక వంటకు వాడకూడదని ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2018 జులై 1 నుంచి నిబంధన పెట్టింది. అలాంటి నూనెను బయోడీజిల్‌కు మళ్లించే ‘రూకో’ కార్యక్రమమూ అదే ఏడాది మొదలైంది. పెద్ద హోటళ్ల నూనెకు కొనేవాళ్లున్నారు. తాపేశ్వరం కాజాల బాణలి నుంచి సాయంత్రం బజ్జీల బండి దాకా చిన్నచిన్నగా మిగిలేదాన్ని పోగుచేయడమే కష్టం. అందులో ఎక్కువ భాగం మళ్లీ వంటలోకో, కాల్వలోకో పోతుంది.

అది ఎంత ఉంటుంది? మన దేశంలో మనిషి ఏడాదికి వాడే వంటనూనె సగటున 19.7 కిలోలని నీతి ఆయోగ్ 2024 నివేదిక లెక్క. నలభై వేల జనాభా ఉన్న పట్టణం తీసుకుంటే ఏడాదికి 788 టన్నులు. అందులో నూటికి అర వంతు పోగుచేయగలిగినా దాదాపు నాలుగు టన్నులు. దీనికి తోడు వంటనూనె రిఫైనరీలున్న కాకినాడ ప్రాంతంలో నూనె పీల్చుకున్న బ్లీచింగ్ మట్టి లాంటివి ఉంటాయి. వాటిని కొనేవాళ్లు తక్కువ, పారేసే చోట్లు అంతకంటే తక్కువ. శిలీంధ్రాలకు మేత వెతకాల్సింది ఇలాంటి చోట.

వంద రూపాయల్లో మేత వాటా

వ్యర్థం వాడితే సబ్బు చౌకగా వస్తుందన్నది ఈ రంగంలో పదేపదే వినిపించే వాదం. ఖర్చును విడదీసి చూస్తే అది సగమే నిజమని తేలుతుంది. బయోసర్ఫాక్టెంటు తయారీకి వంద రూపాయలు అయ్యిందనుకుంటే మేత వాటా పది నుంచి ముప్పై రూపాయలని, పులిసిన ద్రవంలోంచి సరుకును వేరుచేసి శుద్ధి చేయడానికే అరవై దాకా అవుతుందని పరిశోధకులు సాధారణంగా చెప్పే లెక్క. మిగతాది కరెంటు, కూలి. మేత పూర్తిగా ఉచితంగా వచ్చినా వందలో ముప్పై మించి తగ్గదు. తగ్గించాల్సిన అరవై రూపాయలు ఇంకోచోట ఉన్నాయి.

గిన్నెలు తోమే సబ్బుకో, ముఖానికి రాసుకునే క్రీముకో అయితే శుద్ధి తప్పదు. ప్రపంచంలో ఇప్పటిదాకా అమ్ముడయ్యేవి ఎక్కువగా అవే. బెల్జియంలో ఎకోవర్, జపాన్‌లో సరాయా సోఫోరోలిపిడ్లను శుభ్రపరిచే సరుకుల్లో పెట్టాయి. 2024లో ఎవోనిక్ సంస్థ స్లొవాకియాలో రామ్నోలిపిడ్ల కర్మాగారం తెరిచింది. చమురు పట్టిన మట్టికి ఆ నాజూకు అక్కర్లేదు. రంగు, వాసన, తెల్లదనం ఎవరూ చూడరు. తొట్టెలో పులిసిన ద్రవాన్ని వేడిచేసి ఈస్టును చంపి, నీళ్లు కలిపి వాడొచ్చు. అంటే శుద్ధికయ్యే అరవైలో పెద్ద భాగం మిగుల్తుంది. చమురు శుద్ధిలో శిలీంధ్రాల సబ్బుకు ఆశ ఉందంటే అది వ్యర్థం ఉచితం కావడం వల్ల కంటే, సరుకును శుభ్రం చేయనక్కర్లేకపోవడం వల్లే ఎక్కువ.

దీనికో మెలిక ఉంది. ప్రయోగాల్లో మామూలుగా లీటరుకు 100 గ్రాముల చక్కెర, 100 గ్రాముల నూనె పెడతారు. వచ్చేది 34 గ్రాములే అయితే, తినకుండా మిగిలిన నూనె ఎంతో కొంత ద్రవంలోనే ఉంటుంది. దాన్ని అలాగే పొలంలో పోస్తే నూనె పట్టిన నేలకు మరికాస్త నూనె పట్టించినట్టవుతుంది. మిగిలిన చక్కెరను బ్యాక్టీరియా ముందు తినేసి చమురును పక్కన పెడతాయి. అందుకే శుద్ధి అక్కర్లేకపోయినా పరీక్ష అక్కర్లేదనుకోకూడదు. ప్రతి తొట్టెలో మిగిలిన నూనె, చక్కెర ఎంతో కొలిచాకే బయటికి వెళ్లాలి.

ఒక ట్యాంకు, ఒక ఎకరం

ఊళ్లో వెయ్యి లీటర్ల తొట్టె ఒకటి పెట్టామనుకుందాం. ఇది ఉన్న కర్మాగారం వివరం కాదు, పెడితే ఎలా ఉంటుందన్న అంచనా. లీటరుకు 34 గ్రాములు అన్న అంకెనే తీసుకుందాం.

ఒక విడతకు మేత: వాడేసిన నూనె 100 కిలోలు, సగం చక్కెర ఉండే మొలాసిస్ 200 కిలోలు.
ఒక విడతకు సరుకు: 34 కిలోలు.
ఒక విడతకు పట్టే కాలం: శుభ్రం చేసుకునే రోజుతో కలిపి పది రోజులు.
ఏడాదికి: 36 విడతలు, 1,224 కిలోలు. నూనె 3.6 టన్నులు, మొలాసిస్ 7.2 టన్నులు.

నూనె లెక్క పట్టణంలో పోగయ్యే నాలుగు టన్నుల్లోనే సరిపోయింది. అడ్డొచ్చేది ఎండ. ఈ ఈస్టుకు 25 - 30 డిగ్రీల మధ్య నచ్చుతుంది. పులిసేటప్పుడు తొట్టె తనకు తానే వేడెక్కుతుంది. మే నెలలో బయట నలభై దాటిన రోజున చల్లబరచడానికి కరెంటు తోడుకోవాల్సిందే. దీన్ని వానాకాలం, చలికాలం పనిగా పెట్టుకుంటే విడతలు తగ్గినా ఖర్చు కలిసొస్తుంది.

ఇప్పుడు నేల. ఎకరం పొలంలో పైనున్న పదిహేను సెంటీమీటర్ల మట్టి బరువు దాదాపు 800 టన్నులు. సెంటుకు 8 టన్నులు. ఈ మట్టిని తవ్వి తీసి, కిలో మట్టికి మూడు లీటర్ల చొప్పున, లీటరుకు 2 గ్రాముల సర్ఫాక్టెంటు ఉన్న నీటితో కడిగితే కిలోకు 6 గ్రాములు కావాలి. సెంటుకు 48 కిలోలు, ఎకరానికి 4,800 కిలోలు. ఒక విడత సరుకుతో కడగగలిగింది ముప్పావు సెంటు కంటే తక్కువ. ఎకరానికి 141 విడతలు, మన తొట్టెతో దాదాపు నాలుగేళ్లు. పైగా ఎకరానికి 24 లక్షల లీటర్ల మురికి నీళ్లు చేతిలో మిగుల్తాయి, వాటిని మళ్లీ శుద్ధి చేయాలి.

రెండో దారి మట్టిని కదపకుండా, కిలోకు 0.1 గ్రాము మాత్రమే చల్లి, అక్కడి బ్యాక్టీరియాకు చమురు కాస్త అందేలా చేయడం. అప్పుడు ఎకరానికి 80 కిలోలు చాలు. మూడు విడతలు, నెల రోజుల పని. రెసిఫే అంకె ప్రకారం లీటరుకు 9 గ్రాములే వచ్చినా తొమ్మిది విడతలు, మూడు నెలలు. రెండు పద్ధతుల మధ్య తేడా అరవై రెట్లు. ఏ శిలీంధ్రం మంచిదన్న చర్చ కంటే ఎలా వాడతామన్నది పెద్ద ప్రశ్న అని ఇక్కడ తేలిపోతుంది.

డెల్టా మట్టి ఇంకో చిక్కు తెచ్చిపెడుతుంది. బ్రెజిల్ ప్రయోగంలో 95 శాతం వదిలింది ఇసుక నుంచి. మన వరి చేలది బంకమట్టి. బంకమట్టి రేణువులు సర్ఫాక్టెంటును తమకే అంటించుకుంటాయి, చమురు దాకా పోనివ్వవు. ఇసుకలో పనిచేసిన మోతాదు ఇక్కడ చాలకపోవచ్చు. అందుకే పైన వేసిన 0.1 గ్రామును మొదటి అంచనాగానే చూడాలి.

గాలి, యూరియా

సబ్బు అంతా సరిగ్గా చల్లినా, తినేవాటికి ఊపిరి, ఎరువు లేకపోతే పని సాగదు. సెంటు మట్టిలో ఒక శాతం చమురు ఉందనుకుంటే అది 80 కిలోలు. దాన్ని పూర్తిగా విచ్ఛిన్నం చేయాలంటే 270 కిలోల ఆక్సిజన్ కావాలి. ముప్పై డిగ్రీల వేడిలో లీటరు నీటిలో కరిగి ఉండే ఆక్సిజన్ 7.6 మిల్లీగ్రాములే. నీరు నిలిచిన మడిలో ఆ 270 కిలోలు నీటి నుంచి రావాలంటే మూడున్నర కోట్ల లీటర్లు కావాలి. అదే గాలి నుంచైతే వెయ్యి ఘనపు మీటర్లతో తీరిపోతుంది. అంటే చమురు పట్టిన మడిని ముందు ఎండగట్టాలి, వారం వారం దున్ని గాలి తగలనివ్వాలి. నీళ్లు నిలవబెట్టి మందు చల్లితే మందు దండగ.

ఎరువు లెక్కా చిన్నది కాదు. చమురులోని వంద పాళ్ల కార్బనుకు పది పాళ్ల నత్రజని, ఒక పాలు భాస్వరం ఉండాలన్నది ఈ పనిలో వాడుకలో ఉన్న సూత్రం. ఆ 80 కిలోల చమురుకు సుమారు 15 కిలోల యూరియా అవుతుంది. 45 కిలోల బస్తాలో మూడో వంతు, అదీ ఒక్క సెంటుకు. ఒకేసారి వేస్తే సగం డ్రెయిన్‌లోకే పోతుంది. విడతలుగా, మట్టి పరీక్ష చూసుకుంటూ వేయాలి. చాలాచోట్ల దుక్కి, ఎరువు రెండే పెద్ద పని చేసేస్తాయి. సర్ఫాక్టెంటు వాటి మీద అదనంగా ఏం చేర్చిందో చూడకుండా ఘనతంతా దానికే కట్టబెట్టడం ఈ రంగంలో తరచూ జరిగే పొరపాటు.

ఎక్కడ వద్దు?

1967 మార్చిలో ఇంగ్లండ్ తీరాన టోరీ కాన్యన్ నౌక నుంచి దాదాపు 1,19,000 టన్నుల చమురు కారింది. దాన్ని వదిలించడానికి పదివేల టన్నుల డిటర్జెంట్లు చల్లారు. కొన్ని తీరాల్లో చమురు చంపినవాటి కంటే డిటర్జెంటు చంపిన జీవాలే ఎక్కువని తర్వాత తేలింది. 2010లో మెక్సికో సింధుశాఖలో డీప్‌వాటర్ హొరైజన్ బావి 87 రోజులు కారినప్పుడు దాదాపు 70 లక్షల లీటర్ల రసాయన డిస్పర్సెంట్లు వాడారు. ఆ డిస్పర్సెంట్లు కొన్ని రకాల చమురు తినే బ్యాక్టీరియాను అణచి ఉండొచ్చని 2015లో ఒక అమెరికన్ అధ్యయనం చూపింది. శిలీంధ్రాల సబ్బులో విషం తక్కువ, త్వరగా కుళ్లిపోతుంది. అలాగని దేనిమీదైనా పోయొచ్చని కాదు. లోతు తక్కువ నీళ్లలో చమురును చిన్న బిందువులుగా విడగొడితే పైన తేలేది కాస్తా రొయ్యపిల్లల నోటికి, మడచెట్ల వేళ్లకు చేరుతుంది. కోరంగి కాల్వల్లో తేలే చమురును అడ్డుకట్ట వేసి ఎత్తిపోసుకోవడమే మేలు. సముద్రంలో డిస్పర్సెంటు చల్లాలంటే కోస్ట్‌గార్డ్ అనుమతి ఉండాలి. సహజమైనదన్న పేరుతో ఆ నియమాన్ని దాటకూడదు.

షెడ్డులో డబ్బాలో పట్టుకున్న నల్లనూనెకూ దీంతో పనిలేదు. అది అధీకృత రీసైక్లర్లకు వెళ్లాలి, మళ్లీ నూనెగా మారుతుంది. సబ్బు అవసరమయ్యేది చేయిదాటిపోయిన చమురుకే. షెడ్డు ముందు నల్లబడిన నేల, డీజిల్ ఇంజిన్ల దగ్గర పేరుకున్న మడ్డి, చమురు బావుల దగ్గర గుంటల్లో అడుగున మిగిలిన బురద, లీకైన పైపు పక్క మడి లాంటివి. ఇవి ఎకరాల్లో ఉండవు, సెంట్లలోనే ఉంటాయి. వెయ్యి లీటర్ల తొట్టె సామర్థ్యానికి తూగే పని కూడా అదే.

మూడు సెంట్ల పరీక్ష

కాబట్టి మొదలుపెట్టాల్సింది కర్మాగారంతో కాదు, మూడు సెంట్ల నేలతో. ఒకే చోట చమురు పట్టిన నేలను సెంటు చొప్పున మూడు ముక్కలుగా, మధ్యలో గట్లు వేసి విడదీయాలి. మొదటి ముక్కను అలాగే వదిలేయాలి. రెండోదానికి దుక్కి, ఎరువు. మూడోదానికి దుక్కి, ఎరువుతో పాటు శిలీంధ్ర ద్రవం. సెంటుకు 8 టన్నుల మట్టి, కిలోకు 0.1 గ్రాము అంటే 800 గ్రాముల సర్ఫాక్టెంటు. లీటరుకు 34 గ్రాములున్న ద్రవమైతే 24 లీటర్లు చాలు. దీనికి వెయ్యి లీటర్ల తొట్టె కూడా అక్కర్లేదు, కాలేజీ ప్రయోగశాలలో పట్టే పరిమాణం. మొదటి రోజు, ముప్పై, అరవై, తొంభై రోజుల తర్వాత ఒక్కో ముక్కలో పది చోట్ల మట్టి తీసి, కలిపి, మిగిలిన చమురెంతో కొలవాలి.

చూడాల్సింది మూడోదానికీ మొదటిదానికీ ఉన్న తేడా కాదు, మూడోదానికీ రెండోదానికీ ఉన్నది. ఆ తేడా ద్రవం తయారీ ఖర్చుకు తగ్గట్టుగా ఉంటే ఊరికో తొట్టె గురించి మాట్లాడవచ్చు. లేదంటే ఆ డబ్బుతో నాగలి, యూరియా కొని, వాడేసిన నూనెను బయోడీజిల్‌కే అమ్ముకోవడం లాభం.